బాపు చేతికి అందని గేరు

మొన్న ఆదివారం పొద్దున మా అల్లుడు టీ గ్లాసు పక్కన పెట్టేసి, దాని మీద మీగడ కట్టేదాకా పట్టించుకోకుండా, తన ఫోనును నా కళ్ళజోడుకు ఆనించినంత పని చేసి ఒక వీడియో చూపించాడు. అందులో ఎవరో ఒకతను కారు గేరు కడ్డీని టకటకా అటూ ఇటూ ఆడిస్తూ, ఇదివరకు జానెడు కదిపితే గానీ పడని గేరు ఇప్పుడు బెత్తెడు కదిపితే పడుతోందని మురిసిపోతున్నాడు. షార్ట్ షిఫ్టర్ అట దాని పేరు. కారుతో వచ్చిన గేరు కడ్డీ తీసేసి దాని స్థానంలో పొట్టిది బిగిస్తారు. "అత్తమ్మా, జర చూడుండ్రి, ఎంత మస్తుగ పడుతుందో. ఏపిద్దామా, వద్దా? మీరు చెప్పుండ్రి" అన్నాడు. ఆ మాట అతను నన్ను అడగడం అది నాలుగోసారి.

అడగడంలో తప్పేమీ లేదు. పాతబస్తీ గల్లీల్లో ఏళ్ళ తరబడి పెళ్ళి కారు నడిపినదాన్ని కాబట్టి కారు సంగతి ఏదైనా మా ఇంట్లో నా దగ్గరికే వస్తుంది. కానీ నాలుగుసార్లూ నేను ఒకటే జవాబు చెప్పాను. కడ్డీ వదులైందని అనిపిస్తే ముందు కింద కడ్డీని పట్టి ఉంచే రబ్బరు బుష్‌లు అరిగాయేమో చూపించు, గేర్ ఆయిల్ మార్చి ఎన్నాళ్ళయిందో కనుక్కో, నూటికి తొంభై పాళ్ళు అక్కడితోనే బాగుపడుతుంది, దూరం తగ్గించావంటే బరువు పెరుగుతుంది, ఆ చిన్న కదలికకే చెయ్యి ఎక్కువ బలం పెట్టాలి, పైగా ఇంజను వణుకంతా అరచేతిలోకి వస్తుంది అని. ఉప్పుగూడలో మా ఇంటి నుంచి చాంద్రాయణగుట్ట చౌరస్తా దాకా పోవాలంటే ఒకటో గేరు, రెండో గేరు, మళ్ళీ ఒకటో గేరు తప్ప వేరే గతి లేదు, మూడో గేరు ముఖం చూడాలంటే ఫ్లైఓవర్ ఎక్కాల్సిందే. ఈ మాత్రం దారిలో ఆ కాస్త దూరం మిగుల్చుకుని ఏం చేసుకుంటాడో నాకు అర్థం కాదు. అల్లుడాయె, గట్టిగా అనలేను.

ఇంతలో అతనే నవ్వుతూ అసలు సంగతి బయటపెట్టాడు. "మీ బిడ్డ ఆఫీసు పని మీద బెంగళూరు పోయింది కదా, వచ్చేటాలకు బిగిపించి పెడత. చూసి షాక్ అయితది." ఆ కారును వారంలో ఐదు రోజులు నడిపేది మా అమ్మాయి. ఈయన నడిపేది ఆదివారం పూట బిర్యానీ తేవడానికి. ఆ మాట వినగానే నాకు ఒళ్ళంతా మంట పుట్టింది. ఆ మంట అతని మీద కాదని నాకు తెలుస్తూనే ఉంది. టీ మళ్ళీ వెచ్చబెట్టి తెస్తానన్న సాకుతో వంటింట్లోకి పోయాను.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, మన చిన్నప్పటి కార్లకు గేరు కింద ఉండేది కాదు, స్టీరింగ్ మెడ దగ్గర ఎడమవైపు ఒక సన్నటి కడ్డీ చెయ్యి చాచినట్టు ఉండేది. దాన్ని పైకీ కిందికీ, తన వైపుకీ లాగుతూ గేర్లు వేసేవాళ్ళు. అటువంటి తెల్ల కారు మా బాపుకు ఒకటి ఉండేది. కట్టెల అడితి నడిపే షావుకారు ఒకాయన వాడి వాడి వదిలేస్తే బాపు కొన్నాడు, దాన్ని పెళ్ళిళ్ళకు తిప్పేవాడు. ఛత్రినాకలో బోనాలు అయిపోయి శ్రావణం వచ్చిందంటే ఇక మాకు ఊపిరి సలిపేది కాదు. హిందువుల పెళ్ళిళ్ళకు పూలదండలు కట్టేవాళ్ళం, ముస్లింల పెళ్ళిళ్ళకు వెనక అద్దాలకు పరదాలు కట్టేవాళ్ళం. ఎవరి ఇంటి పెళ్ళికూతురైనా కారులో ఒక ఆడమనిషి తోడుంటే బాగుంటుందని అడిగేవాళ్ళు కాబట్టి, మెట్రిక్ తప్పి కుట్టు మిషన్ ముందు కూర్చున్న నాకు అదే మొదటి ఉద్యోగమైంది. ముందు సీటు పొడుగ్గా, బల్లలా ఒకటే ఉండేది. స్టీరింగ్ దగ్గర బాపు, మధ్యలో నేను, కిటికీ వైపు పెళ్ళివాళ్ళ పెద్దమనిషి ఎవరో ఒకరు. వెనక్కి తిరిగి ఏడుస్తున్న పిల్లకు నీళ్ళివ్వడం, జారిన పూలజడ సర్దడం నా పని.

బాపు నడిపే తీరు గురించి ఒక్క మాట చెప్పకపోతే తరువాతి సంగతి తెలియదు. ఆయన గేరు మార్చినట్టు పక్కన కూర్చున్న నాకే తెలిసేది కాదు. రైలు స్టేషన్ వెనక ఖాళీ జాగాలో నాకు డ్రైవింగ్ నేర్పిన రోజుల్లో ఒకటే పాఠం చెప్పేవాడు: "పెండ్లిపిల్ల తల ఊగొద్దు బిడ్డా. తల ఊగిందంటే నువ్వు గేరు ఏసినట్టు కాదు, గుంజినట్టు." నాకు లైసెన్సు వచ్చినా పెళ్ళివాళ్ళు ఉండగా మాత్రం ఏనాడూ స్టీరింగ్ ఇవ్వలేదు. కారు కడగడానికి తీసుకుపోవడం, తిరిగి తేవడం, అంతవరకే.

ఆ గేరుకు ఒక రోగం ఉండేది. కడ్డీ నుంచి ఇంజను పక్కగా రెండు రాడ్లు గేర్ పెట్టెలోకి పోయేవి. వేసే చెయ్యి కొంచెం తడబడితే ఆ రెండూ ఒకదానికొకటి తట్టుకుని బిగుసుకుపోయేవి. అప్పుడు ఇక దిగి, బానెట్ ఎత్తి, చేత్తో రాడ్లు విడదీస్తే గానీ బండి కదలదు. మొదట్లో ఏడాదికి ఒకసారి అయ్యేది. నాకు ఇరవై రెండో ఏడు నడుస్తుండగా బాపు ఎడమ భుజం పట్టేసింది, చెయ్యి పైకి లేవడం తగ్గిపోయింది. అప్పటినుంచి పెళ్ళికి ఒకసారి బిగుసుకోవడం మొదలైంది. భుజం డాక్టరుకు చూపించుకో అంటే తప్పు రాడ్లది అనేవాడు, రాడ్లు మార్పిద్దాం పద అంటే వాన తడికి అట్లా అయిందనేవాడు, ఎండాకాలం కూడా బిగుసుకుంటే ఆ రోజు ఎదురొచ్చిన మనిషి మంచివాడు కాదనేవాడు. ఆయనతో వాదించి వాదించి మా అమ్మ అప్పటికే మానేసింది. నేను మానలేదు.

మా బండి పని చూసే ఉస్తాద్ షెడ్డు చాంద్రాయణగుట్ట చౌరస్తాకు కొంచెం ఇవతల ఉండేది. నేను ఆయన్ని చాచా అని పిలిచేదాన్ని. దీనికి మందు ఒక్కటే, గేరును కింద నేల మీదికి మార్చడమేనని, తరువాత వచ్చిన కార్లకు అన్నిటికీ అట్లాగే వస్తోందని, తుక్కుకు పోయిన బండి నుంచి సామాను తీసి తానే బిగిస్తానని చాచా ఎన్నోసార్లు అన్నాడు. బాపు వినేవాడు కాదు. కింద గేరు పెడితే పొడుగు సీటు తీసేసి రెండు విడి సీట్లు వెయ్యాలి. "మరి నా బిడ్డ ఏడ కూసుంటది?" అనేవాడు. అది సాకు అనుకుని నాకు ఇంకా కోపం వచ్చేది.

ఒకనాడు ఛత్రినాక నుంచి పెళ్ళికూతురిని తీసుకుని బయలుదేరి, రెండు గల్లీలు దాటామో లేదో, బండి నడిరోడ్డు మీద బిగుసుకుపోయింది. ముందు బస్సు, వెనక బస్సు, పక్కన నాలుగు ఆటోలు, అన్నీ ఒకటే హారన్. బాపు ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాతో బానెట్ కింద తలపెట్టి రాడ్లతో కుస్తీ పడుతుంటే, పెళ్ళికూతురి తల్లి ముహూర్తం దాటిపోతోందని వెనక సీట్లో లబోదిబోమంది. చివరికి ఆ పిల్లను, పట్టుచీర చెంగు ఎత్తి పట్టుకుని, ఆటో ఎక్కించి పంపాల్సి వచ్చింది. బాపు మోచేతుల దాకా గ్రీజుతో ఆ ఆటో వెనకాల చూస్తూ నిలబడ్డాడు. ఇంటికొచ్చాక ఏమన్నాడో తెలుసా? ఎదురొచ్చిన మనిషి మంచివాడు కాదన్నాడు.

ఆ వారంలోనే మా మేనత్తకు ఒంట్లో బాగాలేదని కబురొస్తే బాపు పాలమూరు వెళ్ళాడు. పది రోజుల్లో వస్తానన్నాడు. ఆయన బస్సెక్కిన మరునాడు నేను కారు తీసి నేరుగా చాచా షెడ్డుకు పోయాను. కింద గేరు పెట్టమని చెప్పాను. ఆయన చేతులు తుడుచుకుంటూ నా ముఖంలోకి చూశాడు.

"బాపును అడిగినవా బేటీ? సచ్ బోల్."

"అడిగిన చాచా. నువ్వు చెయ్యి, ఏం ఫికర్ లేదు. బాపే పెట్టియ్యమన్నడు."

అంత సాఫీగా అబద్ధం ఆడగలనని అప్పటిదాకా నాకూ తెలియదు. చాచా పొడుగు సీటు ఊడదీసి, నేల రేకును గుండ్రంగా కోశాడు. ఆ కోత చప్పుడుకు నా పళ్ళు జివ్వుమన్నాయి. కోసిన కంతలోంచి కింది మట్టి కనిపించింది. మూడు రోజులకు పని అయింది. తిరిగి వస్తూ స్టేషన్ వెనక జాగాలో నాలుగు చుట్లు తిప్పి చూశాను. వెన్నలో వేలు పెట్టినట్టు పడ్డాయి గేర్లు. నేను పొట్టిదాన్ని, పై కడ్డీకి ఎప్పుడూ కొంచెం ముందుకు వంగాల్సి వచ్చేది, ఇప్పుడు చెయ్యి దించితే అక్కడే ఉంది. బాపు వచ్చి చూసి సంతోషిస్తాడని, భుజం నొప్పి తగ్గుతుందని, నన్ను మెచ్చుకుంటాడని ఆ మిగిలిన రోజులు నాకు ఒకటే ఊహలు.

ఆయన వచ్చాడు. చేతిసంచి అరుగు మీద పెట్టి కారు తలుపు తీసి కూర్చున్నాడు. ఎడమ చెయ్యి స్టీరింగ్ పక్కకు పోయింది. అక్కడ ఏమీ లేదు. కిందికి చూశాడు. "ఎవరు చెయ్యమన్నరు?" అని అడిగాడు. నేనేనని చెప్పాను. తిడతాడని కాచుకుని నిలబడ్డాను, జవాబులన్నీ వరుసగా పెట్టుకున్నాను. ఆయన ఒక్క మాట అనకుండా దిగి, కాళ్ళు కడుక్కుని, అన్నం తిని పడుకున్నాడు. నా జవాబులన్నీ నా దగ్గరే మిగిలిపోయాయి. అంత చిరాకు నాకు ఇంకెప్పుడూ కలగలేదు. మరునాటి నుంచి తెల్లారగానే ఆయన ఒక్కడే కారు తీసుకుని స్టేషన్ వెనక జాగాకు పోయేవాడు. నాకు నేర్పిన చోటే తాను మళ్ళీ మొదటి నుంచి నేర్చుకుంటున్నాడని తెలిసి, సరేలే, దారిలో పడ్డాడు అనుకున్నాను.

నాలుగో రోజు ఉప్పుగూడలోనే ఒక పెళ్ళి. పెళ్ళికొడుకును పొద్దున తొమ్మిదింటికి ఇంటి నుంచి ఊరేగింపుగా మండపానికి తీసుకుపోవాలి. ముందు బ్యాండువాళ్ళు, తరువాత మా కారు, వెనక హారతి పళ్ళాలతో ఆడవాళ్ళు. నేను ముందు సీట్లో బాపు పక్కన కూర్చున్నాను. ఊరేగింపులో కారు నడపడం ఎంత కష్టమో నడిపినవాళ్ళకే తెలుసు. పది అడుగులు పోవాలి, ఆగాలి, మళ్ళీ పది అడుగులు. ఛత్రినాక వైపు తిరిగే చోట చిన్న ఎత్తు ఉంది. అక్కడ బ్యాండువాళ్ళు పాట మార్చి నిలబడ్డారు, కుర్రాళ్ళు చిందులేస్తున్నారు, బాపు బ్రేకు మీద కాలు పెట్టి వాళ్ళనే చూస్తున్నాడు. బ్యాండు కదిలింది. బాపు క్లచ్ తొక్కి, బ్రేకు వదిలి, ఎడమ చెయ్యి ఎత్తాడు.

ఆ చెయ్యి స్టీరింగ్ పక్కకు పోయి గాలిని పట్టుకుంది. మళ్ళీ ఒకసారి పట్టుకుంది. కారు వెనక్కి జారుతోంది. వెనక కేకలు. ఆయన మాత్రం ఆ చెయ్యి వైపే చూస్తున్నాడు. "బాపూ, బ్రేక్!" అని నేను అరిచాక గానీ ఆయన కాలు కదలలేదు. బండి ఆగేసరికి ఒక హారతి పళ్ళెం రోడ్డు మీద దొర్లుతోంది, ముసలామె ఒకావిడ జానెడు దూరంలో గోడను కరుచుకుని నిలబడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పెళ్ళికొడుకు మేనమామ పరుగెత్తుకొచ్చి బాపు కిటికీ మీద గుద్దాడు.

"ఏందయ్యా, పొద్దుగాలనే తాగినవా?"

జన్మలో కల్లు ముట్టని మనిషి మా బాపు. హ్యాండ్ బ్రేకు లాగి, ఇంజను ఆపి, దిగి, కారు ముందు నుంచి చుట్టూ తిరిగి వచ్చి నా వైపు తలుపు తీశాడు.

"అటు జరుగు. నువ్వు నడుపు."

మేనమామ ఇంకో లొల్లి మొదలుపెట్టాడు, ఆడపిల్ల చేతికి పెళ్ళి కారు ఇస్తారా అని. వెనక నుంచి పెళ్ళికొడుకే విసుక్కుని, "నడపనియ్యి మామా, యాళ్ల అయితుంది" అన్నాడు. నేను స్టీరింగ్ వైపు జరిగాను. ఖాళీ అయిన నా సీట్లో, నా మీద నమ్మకం లేక, ఆ మేనమామే వచ్చి కూర్చున్నాడు. పాత సీటు ఉండి ఉంటే మధ్యలో ఇంకో మనిషికి చోటుండేది. ఇప్పుడు లేదు, వెనక సీటు పెళ్ళివాళ్ళతో నిండిపోయి ఉంది. బాపు తలుపు మెల్లగా మూసి పక్కకు తప్పుకున్నాడు.

ఆ ఎత్తు నేను ఎట్లా ఎక్కించానో నాకు తెలియదు. కింద గేరు కాబట్టి ఎక్కించగలిగాను, అది మాత్రం నిజం. మండపం చేరేదాకా పెళ్ళికొడుకు తల ఊగలేదు. మెట్ల దగ్గర ఆడవాళ్ళు నా చుట్టూ చేరి ముక్కున వేలేసుకున్నారు, హారతి పళ్ళెం జారవిడిచిన ఆమె నా నుదుట కుంకుమ పెట్టింది. దారి పొడుగునా నేను అద్దంలో చూసింది మాత్రం ఒకటే. హారతి పట్టుకున్న ఆడవాళ్ళ వెనకాల, అందరికంటే చివర, ఇస్త్రీ చొక్కాతో బాపు నడుచుకుంటూ వస్తున్నాడు.

ఆ తరువాత ఆయన కారు నడపలేదు. ఎన్నిసార్లు బతిమాలానో, ఎన్నిసార్లు కోప్పడ్డానో లెక్కలేదు. "నీ చెయ్యి మంచిగుంది, నడుపు" అని నవ్వేవాడు. కడగడం, దండలు కట్టడం, పెళ్ళివాళ్ళతో మాట్లాడడం తాను చూసుకునేవాడు. పెళ్ళికూతుళ్ళ ఇళ్ళవాళ్ళు, ముఖ్యంగా పరదా పాటించే ఇళ్ళవాళ్ళు, నడిపేది ఆడమనిషి అని తెలిసి మమ్మల్నే వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. ఇల్లు గడిచింది, నా పెళ్ళయింది, బాపు భుజం కూడా నెమ్మదిగా సర్దుకుంది. ఆ కారు గేరు ఇంకెన్నడూ బిగుసుకోలేదు. నన్ను ఒక్క మాట తిట్టి ఉంటే నా కడుపు చల్లబడేది, అదొక్కటే ఆయన చెయ్యలేదు.

ఐదారేళ్ళ తరువాత అనుకుంటాను, క్లచ్ ప్లేటు మార్పించడానికి ఇద్దరం చాచా షెడ్డుకు పోయాం. చాచా కారు కింద పడుకుని పని చేస్తూ, తాను చేసిన పనికి తానే మురిసిపోతూ, "దేఖో భాయ్, నువ్వు చెప్పి పంపినవ్, నేను కోసిన. ఇన్నేండ్లయినా జర కూడ కదల్లేదు" అన్నాడు. బాపు తలతిప్పి నా వైపు చూశాడు. చాచాకు నేను ఏం చెప్పి ఆ పని చేయించానో ఆయనకు ఆ క్షణం దాకా తెలియదు. నేను నేల చూపులు చూశాను.

"అవు ఉస్తాద్, నేనే చెప్పి పంపిన. పని మస్తుగ చేసినవ్" అన్నాడు బాపు.

తిరిగొచ్చేటప్పుడు నేను నడుపుతున్నాను, ఆయన పక్క సీట్లో ఉన్నాడు. రైలు గేటు పడింది, ఆగాం. ఆయన ముందుకే చూస్తూ అన్నాడు. "అడుగుతే నేనే కోయమంటుంటి బిడ్డా. నా భుజం సంగతి నాకు ఎరికలేదా? జర ఆగినవైతే అయిపోతుండె." రైలు పోయింది, గేటు లేచింది. వెనక ఆటోవాళ్ళు హారన్ కొడుతున్నారు. నాకు గేరు కడ్డీ కళ్ళకు ఆనలేదు.

ఇదంతా మా అల్లుడికి నేను చెప్పలేదు. వెచ్చబెట్టిన టీ తెచ్చి చేతికిచ్చి, షార్ట్ షిఫ్టర్ సంగతి ముందు దాన్ని నడిపే మనిషిని ఫోను చేసి అడుగు, తరువాత నీ ఇష్టం అన్నాను. సర్‌ప్రైజ్ పోతుంది కదా అత్తమ్మా అని మూతి ముడుచుకున్నాడు. ముడుచుకోనీ.

చాచా షెడ్డు ఉన్న చోట ఇప్పుడు ఫోను కవర్లు అమ్ముతున్నారు. పెళ్ళిళ్ళకు పెద్ద పెద్ద కార్లు అద్దెకు వస్తాయి, వాటికి క్లచ్ లేదు, గేరు మార్చే పనీ లేదు, తొక్కితే పోతాయి. ఊరేగింపులో ఎత్తు దగ్గర వెనక్కి జారవు కూడా. వాటిని నడిపే అబ్బాయిలు పెళ్ళికొడుకును దింపి, అట్నుంచి అటే ఇంకో పెళ్ళికి పోతారు, వాళ్ళ పేరు అడిగేవాళ్ళు లేరు, తిన్నావా అని అడిగే తల్లీ లేదు. బండ్లు బాగుపడ్డాయి, కాదనను. మా బండీ బాగుపడింది. కింద గేరు పెట్టించడం మంచి పనేనని ఈనాటికీ ఎవరు అడిగినా చెబుతాను. బాపు పోయి చాలా ఏళ్ళయింది. ఆయన మొండితనం తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. విసుగు మాత్రం పోలేదు, అది ఆయన మీద కాదు. పాలమూరు పోయిన మనిషి తిరిగొచ్చేదాకా పది రోజులు ఆగలేకపోయిన ఆ పిల్ల మీద.